చిన్న మోటారు పడవకు రెండు బ్యాటరీలు: ఇంజను బ్యాటరీని వేరుగా కాపాడుకోవడం ఎలా?

సాగర్ గట్టు (దేవరకొండ)

సభ్యులందరికీ నమస్కారం. మాది నాగార్జునసాగర్ బ్యాక్‌వాటర్ ఒడ్డున, నేరేడుగొమ్ము వైపున ఉన్న ఊరు. నాన్న, నేను కలిసి 18 అడుగుల ఫైబర్ పడవ నడుపుతున్నాము. సాయంత్రం వలలు వేసి, రాత్రంతా నీటి మీదనే ఉండి, తెల్లవారుజామున వలలు తీసుకొని ఒడ్డుకు వస్తాము. ఇంజను 25 హార్స్‌పవర్ ఔట్‌బోర్డ్ (పడవ వెనుక బయట తగిలించేది), సెల్ఫ్ స్టార్టు ఉన్నది. పడవ మొత్తానికి ఒకటే 12 వోల్టుల బ్యాటరీ. లైట్లు, చేపల జాడ చూపే సోనార్, అడుగున చేరిన నీటిని తోడే పంపు, ఫోన్ల ఛార్జింగు, అన్నీ దాని మీదనే నడుస్తాయి.

పోయిన అమావాస్య నాటి రాత్రి రెండు గంటల వేళ గాలి లేచింది. లంగరు ఎత్తి సెల్ఫ్ కొడితే టక్ టక్ అన్న చప్పుడు తప్ప ఇంజను కదలలేదు. ఇంజను మూత విప్పి, ఫ్లైవీల్‌కు తాడు చుట్టి నాన్న లాగుతూ ఉంటే, పడవ రాళ్ల గుట్ట వైపు కొట్టుకుపోతూ ఉంది. నేను తెడ్డుతో ఆపడానికి ప్రయత్నించాను కానీ ఆ గాలికి తెడ్డు చాలదు. ఎన్నోసారో లెక్క లేదు, చివరికి ఇంజను అందుకున్నది. అప్పటికి రాళ్లకు, మాకు మధ్య పడవ పొడవంత దూరం కూడా లేదు. తెల్లవారి మీటరు పెట్టి చూస్తే బ్యాటరీ 11.7 వోల్టులు చూపించింది.

ఇక రెండో బ్యాటరీ పెట్టాలని నిర్ణయించుకున్నాము. దుకాణంలో అడిగితే అదే సైజు బ్యాటరీ ఇంకొకటి తెచ్చి ప్లస్‌కు ప్లస్, మైనస్‌కు మైనస్ కలిపితే సరిపోతుందని చెప్పారు. అది సరైనదేనా, దయచేసి తెలిసినవారు వివరంగా చెప్పగలరు.

మిర్యాలగూడ ఆటో ఎలక్ట్రికల్

తమ్ముడూ, మీరు క్షేమంగా ఒడ్డుకు చేరినందుకు సంతోషం. దుకాణంలో చెప్పిన పద్ధతి మీ సమస్యను తీర్చదు, ఆలస్యం చేస్తుంది అంతే. రెండు బ్యాటరీలను ఎప్పుడూ కలిపే ఉంచితే అవి రెండు బ్యాటరీలు కావు, ఒకే పెద్ద బ్యాటరీ. రాత్రి రెండు గంటలకు దిగిపోయేది ఇంకొన్ని గంటల తరువాత దిగిపోతుంది, దిగిపోయినప్పుడు రెండూ కలిసే దిగిపోతాయి. ఇంకా, రెండింటిలో ఒకదాని సెల్ పాడైతే అది మంచిదాన్ని కూడా తనతోపాటు లాగేస్తుంది.

మీకు కావలసినది వేరు. ఇంజను స్టార్టు చేయడానికి ఒక బ్యాటరీ, మిగిలిన అవసరాలన్నిటికీ ఇంకొకటి, ఇంజను ఆగి ఉన్నప్పుడు ఈ రెండింటికీ ప్లస్ వైపు సంబంధం ఉండకూడదు, ఇంజను తిరుగుతున్నప్పుడు మాత్రం రెండూ ఛార్జి కావాలి. లైట్లు ఆరిపోయినా, సోనార్ ఆగిపోయినా పరవాలేదు కానీ సెల్ఫ్ కొట్టే బ్యాటరీ జోలికి ఏదీ పోరాదు. వైరింగు మొత్తం ఈ ఒక్క నియమం చుట్టూనే అల్లుకోవాలి.

బ్యాటరీలు కూడా ఒకే రకం కావు. స్టార్టింగు బ్యాటరీలో పలకలు పలుచగా, ఎక్కువ సంఖ్యలో ఉంటాయి కనుక అది కొద్ది సెకన్లు వంద ఆంపియర్లకు పైగా ఇవ్వగలదు. దాన్నే రాత్రంతా లైట్లకు వాడి ఖాళీ చేస్తూ పోతే ఆ పలుచని పలకలు కొద్ది నెలల్లోనే రాలిపోతాయి. డీప్ సైకిల్ బ్యాటరీలో పలకలు మందం, మెల్లగా ఎక్కువసేపు ఇవ్వడానికే చేసినవి.

కొల్లాపూర్ భౌతికశాస్త్రం

మిర్యాలగూడ మిత్రులు చెప్పినదానికి ఒక లెక్క జోడిస్తాను. సెల్ఫ్ మోటారు సుమారు 120 ఆంపియర్లు, మూడు సెకన్లపాటు తీసుకున్నదనుకుందాము. 120ని 3తో గుణించి 3600తో భాగిస్తే 0.1 ఆంపియర్ అవర్ వస్తుంది (ఒక ఆంపియర్ కరెంటు గంటసేపు ఇస్తే ఒక ఆంపియర్ అవర్). అంటే ఇంజను స్టార్టు చేయడానికి ఖర్చయ్యే నిల్వ నిజానికి చాలా స్వల్పం, ఆ కొద్ది క్షణాలు బ్యాటరీకి బలం ఉండాలి అంతే. ఆ బ్యాటరీని వేరుగా ఉంచితే, తీసుకున్నది ఇంజను తిరగగానే నిమిషాల్లో తిరిగి చేరుతుంది.

అసలు ఖర్చు రెండో వైపు ఉంది. సాగర్ గట్టు గారూ, మీ రాత్రి వాడకం ఎంతో చెప్పగలరా?

సాగర్ గట్టు (దేవరకొండ)

సార్, ఈ రోజు మీటరును వరుసలో పెట్టి ఒక్కొక్కటి కొలిచాను. లంగరు దీపం 0.3 ఆంపియర్, పని చేసుకునే 20 వాట్ల ఎల్ఈడీ లైటు 1.7, సోనార్ 0.7, ఫోన్లు, చిన్న రేడియో కలిపి 0.8. పంపు తిరిగినప్పుడు 3 ఆంపియర్లు తీసుకుంటుంది కానీ రాత్రి మొత్తంలో అరగంట కన్నా ఎక్కువ తిరగదు. నీటి మీద పది గంటలు ఉంటాము. ఇంజను నడిచేది పోవడానికి, రావడానికి కలిపి రెండు గంటలు. ఇంజను పుస్తకంలో ఛార్జింగు 12 ఆంపియర్లు అని ఉన్నది.

కొల్లాపూర్ భౌతికశాస్త్రం

ఇంత శ్రద్ధగా కొలిచినందుకు ధన్యవాదాలు, లెక్క ఇప్పుడు స్పష్టంగా చేయవచ్చు. పంపు కాక మిగిలినవి కలిపితే 3.5 ఆంపియర్లు, పది గంటలకు 35. పంపుకు ఒకటిన్నర కలిపితే దాదాపు 37 ఆంపియర్ అవర్లు. సీసపు బ్యాటరీని సగం కన్నా ఎక్కువ ఖాళీ చేయకుండా వాడితేనే దానికి ఆయుష్షు ఉంటుంది కనుక కనీసం 75 కావాలి, బ్యాటరీ పాతబడిన కొద్దీ సామర్థ్యం తగ్గుతుంది కనుక 100 తీసుకోవడం మంచిది.

అయితే చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. రెండో బ్యాటరీ కరెంటును దాచుతుంది, పుట్టించదు. తీసిన 37 తిరిగి నింపడానికి, ఛార్జింగులో పోయే నష్టంతో కలిపి 43 దాకా పెట్టాలి. ఇంజను పుస్తకంలోని 12 ఆంపియర్లు పూర్తి వేగంలో వచ్చేవి. మెల్లగా నడిచేటప్పుడు బాగా తగ్గుతాయి కనుక సగటున 8 అనుకుంటే రెండు గంటలకు 16 మాత్రమే. అంటే ప్రతి రోజూ 27 ఆంపియర్ అవర్లు బాకీ పడుతుంది. ఎంత పెద్ద బ్యాటరీ తెచ్చినా ఈ బాకీ ఎప్పుడో ఒకనాడు దాన్ని ముంచుతుంది. ఎప్పుడూ సగం ఛార్జిలోనే ఉండే బ్యాటరీ పలకల మీద సల్ఫేటు గట్టిపడి, తరువాత ఎంత ఛార్జి పెట్టినా ఎక్కదు.

గద్వాల జాలరి

నేను జూరాల దగ్గర పడవ నడుపుతాను. ఇంట్లో ఇన్వర్టరుకు వాడిన 150 ఆంపియర్ అవర్ల ట్యూబులర్ బ్యాటరీ ఒకటి నా దగ్గర ఉంది, బాగానే పని చేస్తున్నది. అటువంటిది పెడితే ఈ లెక్కలన్నీ అవసరం లేదు కదా?

మిర్యాలగూడ ఆటో ఎలక్ట్రికల్

అన్నా, ట్యూబులర్ బ్యాటరీ మంచిదే, ఇంట్లో కదలకుండా ఉన్నచోట దానికి సాటి లేదు. కానీ అది పొడుగు, బరువు 50 కిలోలకు పైన. చిన్న పడవలో అంత బరువు అంత ఎత్తున ఉంటే అల వచ్చినప్పుడు పడవ ఒరిగే గుణం మారిపోతుంది. పైగా ఒరిగినప్పుడు మూతల నుండి ఆసిడ్ చిందుతుంది. ఒకసారి ఒక పడవలో అలా చిందిన ఆసిడ్ చెక్క అడుగును మెత్తగా చేసి, బ్యాటరీ కట్టిన పట్టీని కూడా తినేసింది. పట్టుకొని కొద్దిగా లాగితే పట్టీ నా చేతిలోకి దారాలు దారాలుగా వచ్చింది. పడవకు సీలు చేసిన ఏజీఎం రకం (ఆసిడ్ లోపలి గాజు చాపలోనే ఇంకి ఉండేది) శ్రేష్ఠం, లేదంటే మామూలు డీప్ సైకిల్ బ్యాటరీని గాలి ఆడే పెట్టెలో బిగించాలి. ఎటు లాగినా ఒక అంగుళం కన్నా ఎక్కువ కదలకూడదు.

ఒకటి స్టార్టింగుది, ఒకటి డీప్ సైకిల్ అయినా, రెండూ ఏజీఎం లేదా రెండూ నీళ్లు పోసేవి కావడం కూడా ముఖ్యం. ఒకటి ఏజీఎం, ఒకటి నీళ్లు పోసేది అయితే వాటి ఛార్జింగు వోల్టేజీలు వేరు కనుక రెండింటిలో ఒకటి ఎప్పుడూ నష్టపోతుంది.

సోమశిల తెడ్డు

నేను సోమశిల నుండి ఆవలి ఒడ్డుకు ప్రయాణికులను దాటించే పడవ నడిపేవాడిని. మొదట నేను పెట్టుకున్నది చేతితో తిప్పే స్విచ్చు. అందులో ఒకటి, రెండు, రెండూ, ఆఫ్ అని నాలుగు స్థానాలు ఉంటాయి. స్విచ్చులో తప్పేమీ లేదు, చవక, ఎవరైనా బిగించవచ్చు. కానీ మనిషి మరచిపోతాడు. ఒడ్డుకు వచ్చి రెండూ అన్న స్థానంలోనే వదిలి భోజనానికి పోతే, తిరిగి వచ్చేసరికి రెండు బ్యాటరీలూ సమానంగా దిగి ఉండేవి.

ఇంకొక ప్రమాదం కూడా నేను చూశాను. ఇంజను తిరుగుతుండగా మా పడవలో పనిచేసే అబ్బాయి స్విచ్చును ఒకటి నుండి రెండుకు మార్చబోయి ఆఫ్ మీదుగా తిప్పాడు. ఆ ఒక్క క్షణం ఇంజను నుండి వచ్చే కరెంటుకు పోవడానికి బ్యాటరీ లేకపోవడంతో వోల్టేజీ ఎగసి, ఇంజను కరెంటును బ్యాటరీకి తగ్గట్టు డీసీగా మార్చే రెక్టిఫయరు కాలిపోయింది. అందుకే, ఇంజను నడుస్తున్నప్పుడు ఆ స్విచ్చు మీద చెయ్యి పెట్టవద్దని పడవ ఎక్కే ప్రతి మనిషికీ చెప్పాలి. రాత్రిపూట, అలసిపోయి పని చేసే మనుషులకు గుర్తు పెట్టుకునే బాధ్యత లేని పద్ధతి కావాలి. నేను తరువాత రిలేకు మారాను.

మిర్యాలగూడ ఆటో ఎలక్ట్రికల్

రిలే అంటే కరెంటుతో పనిచేసే స్విచ్చు. సోమశిల అన్న చెప్పిన రిలేను వీఎస్ఆర్ (వోల్టేజ్ సెన్సిటివ్ రిలే) అంటారు, వోల్టేజీని చూసి తానే కలిసే, తానే విడిపోయే రిలే. ఇంజను స్టార్టు కాగానే ఛార్జింగు మొదట స్టార్టింగు బ్యాటరీకే పోతుంది. దాని వోల్టేజీ సుమారు 13.3 దాటగానే రిలే ఒక్క టిక్ చప్పుడుతో మూసుకొని రెండో బ్యాటరీని కూడా కలుపుతుంది. ఇంజను ఆపిన తరువాత వోల్టేజీ 12.8కి దిగగానే విడిపోతుంది. ఈ అంకెలు తయారీని బట్టి కొద్దిగా మారుతాయి. మీరు చేయవలసినది ఏమీ ఉండదు.

డయోడ్ ఐసోలేటర్ (కరెంటును ఒకే వైపుకు పోనిచ్చే పరికరం) పెట్టుకొమ్మని కూడా కొందరు చెబుతారు. అది కూడా బ్యాటరీలను విడదీస్తుంది కానీ దారిలో 0.6 వోల్టు దాకా తానే మింగుతుంది. చిన్న ఔట్‌బోర్డు ఇచ్చే వోల్టేజీలో అంత పోతే బ్యాటరీ ఎప్పటికీ నిండదు. ఇంకొకటి, పాత ఇంజన్లు కొన్నింటిలో రెక్టిఫయరు ఉంటుంది కానీ వోల్టేజీని అదుపు చేసే రెగ్యులేటరు ఉండదు. పూర్తి వేగంలో బ్యాటరీ మీద మీటరు పెట్టి చూడండి, 15 దాటుతుంటే ముందు రెగ్యులేటరు సంగతి చూడాలి, ఆ తరువాతనే రెండో బ్యాటరీ.

పాలమూరు సోలార్ పని

కొల్లాపూర్ సార్ చెప్పిన బాకీకి నా సమాధానం రెండు భాగాలు. మొదటిది పెద్ద ఖర్చు లేనిది. 20 వాట్ల లైటు స్థానంలో 10 వాట్లది పెడితే రాత్రికి 8 ఆంపియర్ అవర్లు మిగులుతాయి. చేతి పనికి ఆ వెలుతురు చాలుతుంది. రెండవది, పడవ ముందు భాగం మీద 100 వాట్ల ప్యానెల్. మన ఎండకు రోజుకు 25 ఆంపియర్ అవర్ల దాకా వస్తుంది. ఇంజనువి 16, ప్యానెల్‌వి 25 కలిపితే 41. వాడకం 29కి తగ్గింది కనుక నష్టంతో కలిపి 34 పెడితే చాలు. బాకీ తీరిపోయి కొద్దిగా మిగులుతుంది. ముసురు పట్టిన రోజుల్లో మాత్రం ప్యానెల్ నుండి సగం కూడా ఆశించవద్దు, ఆ వారం సోనార్ వాడకం తగ్గించుకోవాలి.

సాగర్ ఒడ్డు వారికి ప్యానెల్ అవసరం ఇంకొక కారణం చేత కూడా ఉంది. నిండు మట్టం 590 అడుగులు ఉన్నప్పుడు పడవ ఊరి దగ్గరే ఉంటుంది, ఇంటి నుండి వైరు లాగి ఛార్జరు పెట్టవచ్చు. వేసవిలో నీరు వెనక్కి పోతే పడవ కరెంటు స్తంభానికి ఎంతో దూరంలో బురద అంచున ఉంటుంది. బ్యాటరీని భుజాన మోసుకొని ఇంటికి తేవడం ఎన్నాళ్లు సాగుతుంది?

ప్యానెల్ నుండి వచ్చే ఛార్జింగును అదుపు చేసే కంట్రోలర్ తప్పనిసరి. ప్యానెల్‌ను నేరుగా బ్యాటరీకి కలపవద్దు.

గద్వాల జాలరి

లిథియం బ్యాటరీ తేలిక అంటున్నారు. దాని గురించి ఎవరూ చెప్పలేదు.

పాలమూరు సోలార్ పని

తేలిక అన్నది నిజమే అన్నా, సీసపు బ్యాటరీ బరువులో సగం కూడా ఉండదు, దాదాపు పూర్తిగా ఖాళీ చేసినా పాడు కాదు. కానీ ఈ రిలేతో అది కలవదు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ ఊరికే ఉన్నప్పుడే 13.3 వోల్టుల దగ్గర ఉంటుంది కనుక 12.8కి విడిపోవలసిన రిలే విడిపోదు, అప్పుడు రెండు బ్యాటరీలు కలిసిపోయినట్లే. పైగా అది ఖాళీగా ఉన్నప్పుడు ఇంజను ఇవ్వగలిగినదంతా ఆపకుండా లాగుతుంది, చిన్న ఇంజను ఛార్జింగు కాయిల్ ఆ వేడికి తట్టుకోదు. లిథియం పెట్టాలనుకుంటే రిలే బదులు డీసీ నుండి డీసీ ఛార్జరు (ఒక బ్యాటరీ నుండి ఇంకొకదాన్ని అదుపులో నింపేది) పెట్టాలి. ఖర్చు బాగా పెరుగుతుంది.

కొల్లాపూర్ భౌతికశాస్త్రం

వైర్ల మందం గురించి ఒక హెచ్చరిక. ఇంజను ఇప్పటికే వెనుక భాగంలో బరువుగా ఉంటుంది కనుక రెండో బ్యాటరీని ముందు వైపు పెట్టడం సబబు. అప్పుడు రిలే నుండి దానికి దూరం 4 మీటర్లు అనుకుందాము. పోయే వైరు, వచ్చే వైరు కలిపి 8 మీటర్లు. 6 స్క్వేర్ ఎంఎం రాగి వైరులో 12 ఆంపియర్ల ఛార్జింగు పోతే నష్టం 0.28 వోల్టు, ఇది భరించదగినది. కానీ స్టార్టింగు బ్యాటరీ విఫలమైనప్పుడు రెండో బ్యాటరీతో సెల్ఫ్ కొట్టాలని అదే వైరు మీద 120 ఆంపియర్లు లాగితే నష్టం 2.8 వోల్టులు. ఇంజను తిరగదు, వైరు వేడెక్కుతుంది. అదే 25 స్క్వేర్ ఎంఎం అయితే నష్టం 0.67 వోల్టు.

కనుక ఆపద సమయంలో రెండింటినీ కలిపే స్విచ్చు కావాలంటే ఆ దారి మొత్తం 25కి తగ్గకూడదు, లేదంటే ఆ స్విచ్చు పెట్టవద్దు.

మిర్యాలగూడ ఆటో ఎలక్ట్రికల్

సార్ చెప్పినదానితో ఏకీభవిస్తున్నాను. నా అభిప్రాయంలో ఆ స్విచ్చు తప్పక ఉండాలి, గాలిలో మంచి జంపర్ వైరు కోసం వెతికే సమయం ఉండదు.

ఇక ఫ్యూజు. చాలా పడవల్లో ఫ్యూజులన్నీ చుక్కాని దగ్గర స్విచ్ బోర్డులోనే ఉంటాయి, బ్యాటరీ నుండి అక్కడిదాకా వచ్చే వైరుకు రక్షణ ఏమీ ఉండదు. ఆ వైరు పలకలో రంధ్రం గుండా పోయే చోట ప్రతి అలకూ రాసుకొని పైపొర అరిగితే మంట లేస్తుంది, బోర్డులోని ఫ్యూజుకు ఆ సంగతి తెలియదు. కాబట్టి ఫ్యూజు బ్యాటరీ ప్లస్ నుండి 7 అంగుళాల లోపు ఉండాలి, రంధ్రానికి రబ్బరు గ్రోమెట్ (వైరు రాసుకోకుండా కాపాడే రింగు) ఉండాలి. రెండు బ్యాటరీలను కలిపే వైరుకైతే రెండు కొనలా ఫ్యూజులు కావాలి, ఎందుకంటే దానికి రెండు కొనలా కరెంటు ఉన్నది. ఆ ఫ్యూజులు సెల్ఫ్ లాగే కరెంటుకు తట్టుకోవాలి, వైరు భరించగలిగే పరిమితిని దాటకూడదు.

రెండు బ్యాటరీల మైనస్‌లను కలపడం మరచిపోకండి. రిలే టిక్ అన్నా రెండో బ్యాటరీ ఛార్జి కావడం లేదని నా దగ్గరకు వచ్చిన పడవల్లో సగం ఆ మైనస్ వైరు లేనివే. నీరు చేరగానే పంపును తానే నడిపే ఫ్లోట్ స్విచ్చును మాత్రం మెయిన్ స్విచ్చు దాటించి, వేరే ఫ్యూజుతో నేరుగా రెండో బ్యాటరీకే ఇవ్వాలి. మీరు అన్నీ ఆపి ఇంటికి పోయినప్పుడు వాన పడితే పడవను కాపాడేది అదొక్కటే.

రిలేను, స్విచ్చులను పెట్రోలు ట్యాంకు ఉన్న మూసిన అరలో పెట్టవద్దు. పెట్రోలు ఆవిరి గాలి కన్నా బరువు కనుక అడుగుననే నిలిచి ఉంటుంది, రిలే కలిసేటప్పుడు వచ్చే చిన్న రవ్వ చాలు.

సోమశిల తెడ్డు

ఎండ సంగతి కూడా రాయాలి. మన దగ్గర వేసవిలో 44 డిగ్రీలు దాటుతుంది, మూసిన పెట్టెలో ఇంకా ఎక్కువ. సీసపు బ్యాటరీ ఆయుష్షు 25 డిగ్రీల పైన ప్రతి 10 డిగ్రీలకూ దాదాపు సగమవుతుంది. బ్యాటరీ పెట్టెకు నీడ కల్పించండి, ఉష్ణోగ్రతను బట్టి వోల్టేజీ తగ్గించే కంట్రోలర్ కొనండి. నీళ్లు పోసే రకమైతే వేసవిలో పదిహేను రోజులకొకసారి మట్టం చూడాలి, పోసేది డిస్టిల్డ్ వాటరే కావాలి. మన బోరు నీటిలోని లవణాలు, ఫ్లోరైడు సంగతి నల్లగొండ వారికి వేరే చెప్పనవసరం లేదు. మనిషి ఎముకకే మంచిది కాని నీటిని బ్యాటరీలో పోయవద్దు.

సాగర్ గట్టు (దేవరకొండ)

అందరికీ కృతజ్ఞతలు. పని పూర్తి చేసి వారం వాడిన తరువాత రాస్తున్నాను. వెనుక స్టార్టింగు బ్యాటరీ, ముందు 100 ఆంపియర్ అవర్ల డీప్ సైకిల్ బ్యాటరీ, రెండూ ఏజీఎం. మధ్య 25 స్క్వేర్ ఎంఎం వైరు, రెండు కొనలా ఫ్యూజులు, రిలే, దాని పక్కన ఆపద స్విచ్చు. 10 వాట్ల లైటు, 100 వాట్ల ప్యానెల్. పాత వైరు విప్పినప్పుడు మైనస్ లగ్గు (వైరు కొనకు బిగించే లోహపు బిళ్ల) లోపల రాగి అంతా పచ్చని చిలుముగా మారి ఉన్నది, గోటితో గీరితే పొడిగా రాలింది. ఆ రాత్రి మమ్మల్ని ఇబ్బంది పెట్టినదానిలో దానికీ భాగం ఉన్నదని ఇప్పుడు అనుకుంటున్నాను.

నిన్న తెల్లవారుజామున వలలు తీసే ముందు కొలిస్తే ముందు బ్యాటరీ 12.4, వెనుకది 12.7 చూపించింది. ఇంజను మొదటి తిప్పుకే అందుకున్నది. ఒక్క సందేహం మిగిలింది. ఇంజను మెల్లగా తిరుగుతున్నప్పుడు రిలే కలిసి, వెంటనే విడిపోయి, మళ్లీ కలుస్తున్నది. ఇది లోపమా?

మిర్యాలగూడ ఆటో ఎలక్ట్రికల్

లోపం కాదు తమ్ముడూ. మెల్లని వేగంలో ఇంజను ఇచ్చేది తక్కువ, దిగిన బ్యాటరీ కలవగానే వోల్టేజీ పడిపోయి రిలే విడిపోతుంది. వేగం పెంచితే ఆగుతుంది. పూర్తి వేగంలో కూడా అలాగే ఉంటే రిలే మైనస్ వైరు వదులుగా ఉన్నదేమో చూడండి. చిలుము పట్టిన లగ్గు గురించి మీరు అనుకున్నది సరైనదే. ఇంకొకరి చేత సెల్ఫ్ కొట్టిస్తూ, మీటరు ఒక కొనను బ్యాటరీ మైనస్ మీద, రెండోదాన్ని ఇంజను బాడీ మీద పెట్టండి. అర వోల్టు కన్నా ఎక్కువ చూపిస్తే ఆ దారిలో ఇంకా ఎక్కడో చిలుము ఉన్నట్లే. ఇంజను అదురుకు కొత్త లగ్గులు మొదటి నెలలోనే వదులవుతాయి. రెక్కల నట్లు ఉంటే తీసేసి నైలాన్ పట్టు ఉన్న నట్లు వేయండి, బిగించే ముందు మైనస్ వైరును విప్పి పక్కన పెట్టండి.

సాగర్ గట్టు (దేవరకొండ)

ఇప్పుడే చూశాను అన్నా. సెల్ఫ్ కొట్టేటప్పుడు 0.3 వోల్టు చూపించింది. ముందు బ్యాటరీ మీద రెండూ రెక్కల నట్లే ఉన్నాయి, రేపు మార్చుతాను.